నువ్వులు లేని సకినాలు: ఒక జాతీయ ప్రమాదం

హన్మకొండలో మా కాలనీకి 400 ఇళ్లు. కమిటీ ఎన్నికల్లో నేను రెండుసార్లు ఓడిపోయాను. అందుకే ఈసారి ఎన్నికలతో పనిలేని దారి పట్టాను. ఈ దారికి మ్యానిఫెస్టో అక్కర్లేదు, శత్రువు ఉంటే చాలు.

శత్రువు మరీ ఎక్కువమంది ఉండకూడదు, తిరగబడతారు. 1933లో జర్మనీ జనాభా ఆరున్నర కోట్ల పైచిలుకు. యూదులు సుమారు 5 లక్షల పాతిక వేలు, అంటే నూటికి ఒక్కరు కూడా కాదు. అయినా దేశానికొచ్చిన ప్రతి కష్టం వాళ్ల ఖాతాలోకే వెళ్లింది. ఆ లెక్కన మా కాలనీకి మూడిళ్లు సరిపోతాయి. దొరికాయి కూడా. సంక్రాంతికి సకినాల పిండిలో వాము వేసి, నువ్వులు వేయని ఇళ్లు సరిగ్గా మూడు!

నేరం వెతకడం ఇంకా తేలిక. కోతులు మేడల మీద ట్యాంకు మూతలు పీకి పారేస్తున్నాయి. నువ్వులు లేని సకినాల వాసనకే వస్తున్నాయన్నాను. రుజువేదని ఒకాయన అడిగాడు. కోతులు వస్తున్నాయా లేదా? ఇంకేం రుజువు కావాలి? అసలు ఆయనకెందుకంత బాధ, ఆయనింట్లో నువ్వులున్నాయా?

ప్రచారానికి హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ పడ్డ తిప్పలు తలచుకుంటే జాలేస్తుంది. కంపెనీల చేత 76 మార్కుల చవక రేడియో చేయించాడు. హిట్లర్ గద్దెనెక్కిన జనవరి 30 గుర్తుగా దాని పేరులో 301 అని పెట్టించాడు. 1938లో 35 మార్కులకే ఇంకోటి దించాడు. మనవాళ్లు ఫోను ఈఎంఐలో తెచ్చుకుని, రీచార్జి కూడా సొంత డబ్బుతోనే వేయించుకుంటున్నారు. 1939లో యుద్ధం రాగానే నాజీలు విదేశీ స్టేషన్లు వినడం నేరమన్నారు. నాకు చట్టంతో పనిలేదు, గ్రూప్ అడ్మిన్‌ని.

పిల్లల్నీ వదలొద్దు. 1938లోనే అక్కడ ఒక బొమ్మల పుస్తకం వేశారు. అందులో తల్లి కొడుకును అడవికి తీసుకెళ్లి పుట్టగొడుగులు ఏరుతూ, మనుషుల్లోనూ విషపువి ఉంటాయని నేర్పుతుంది. ఎంత ముద్దుగా చెబుతుందో! అదే ఏడాది నవంబరులో యూదుల దుకాణాలు పగలగొట్టి, 100 కోట్ల మార్కుల జరిమానా కూడా యూదులకే వేశారు. ఇది నాకు బాగా నచ్చింది. మూడిళ్లలో ఒకరి ట్యాంకు మూత మొన్న కోతి విరగ్గొట్టింది. బిల్లు వాళ్లకే పంపాం, కోతిని రెచ్చగొట్టినందుకు.

ఆఫ్రికాలోని రువాండాలో 1993, 94ల్లో ఒక రేడియో మంచి పాటలు వేస్తూ, జోకులేస్తూ, మధ్యమధ్యలో అక్కడి మైనారిటీ టుట్సీలను బొద్దింకలు అనేది. బొద్దింక కనబడితే మనం చెప్పు కోసం చూస్తాం, పేరు అడగం. 1994 ఏప్రిల్ నుంచి సుమారు నూరు రోజుల్లో లక్షల మందిని చంపారు. చాలాచోట్ల ఇరుగుపొరుగువాళ్లే.

ఇదంతా వ్యంగ్యమేనని కింద రాసి, రాత్రి పది గంటలకు కాలనీ గ్రూపులో పెట్టాను. పొద్దున లేచి చూస్తే బొటనవేళ్లు, దండాలు. ఒక రిటైర్డ్ సారు మాత్రం ఐదు గంటలకే ఫోన్ చేశారట, మళ్లీ చేశారు.

"బాగ రాసినవ్ తమ్మీ. ఆ మూడిండ్లు ఏ లైన్ల ఉన్నయో అది చెప్పు ముందు."

కట్టుకథ సార్ అన్నాను.

"నాకు తెలుసు లే. ఒకటైతే మా ఎదురిల్లే."