గ్యారేజీ అరలో ఉన్న ఎక్స్‌పాన్షన్ వాల్వు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎక్స్‌పాన్షన్ వాల్వు గారికి,

టెక్సాస్ రాష్ట్రం ఫ్రిస్కో నుంచి మీ మాజీ యజమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా మా గ్యారేజీ రెండో అరలో, పాత పెయింటు డబ్బాకీ పిల్లాడి సైకిల్ పంపుకీ మధ్య, జిప్‌లాక్ కవర్లో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నిన్న పంపు తీస్తుంటే కవర్లోంచి బయటికి పొడుచుకొచ్చిన మీ రాగి తోక నా చొక్కా గుండీకి తగులుకుంది. ఎవరో చెయ్యి పట్టుకుని ఆపినట్టయింది. అందుకే ఈ ఉత్తరం.

మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేసి ఏడు వారాలైంది. అంతకుముందు పదకొండేళ్ళు మా అట్టిక్‌లో, అంటే ఇంటి కప్పు కింద అటకలో, ఏసీలో చల్లదనం తెచ్చే గ్యాసును కొలిచి వదిలే ఉద్యోగం చేశారు. జులైలో బయట 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే ఆ అట్టిక్‌లో 120 దాటుతుంది. అంత వేడిలో ఎవరో ఒకరు కూర్చుని నా బెడ్రూము చల్లగా ఉంచుతున్నారన్న సంగతే నాకు తెలియదు. మా ఆఫీసులోనూ ఇంతే లెండి. రాత్రిపూట సర్వర్లు చూసుకునే మనిషి ఒకడున్నాడని, అతన్ని లేఆఫ్ చేసిన మర్నాడు అన్నీ ఆగిపోయాకే తెలిసింది.

అసలు విషయానికొస్తాను. జులై రెండో వారంలో ఇల్లు ఉక్కపోయడం మొదలైంది. థర్మోస్టాట్ 74కి పెడితే 81 దగ్గర మొండికేసింది. గాలి వస్తోంది, కానీ తడి గుడ్డ మొహం మీద ఆరేసినట్టుంది. తెనాలి నుంచి ఆర్నెల్లకని వచ్చిన మా అమ్మ సోఫాలో కూర్చుని విసనకర్ర కోసం వెతుక్కుంటూ, "గ్యాస్ అయిపోయి ఉంటుందిరా, కొట్టించు" అంది.

మన తెలుగువాళ్ళ లెక్కలో ఏసీకి ఉన్న జబ్బు ఒక్కటే. కూలింగ్ తగ్గితే గ్యాస్. నీళ్ళు కారితే గ్యాస్. చప్పుడొస్తే గ్యాస్. ఆ మాటకొస్తే మనిషికి ఛాతీలో నొప్పొచ్చినా ముందు గ్యాసే అంటాం. కానీ ఏసీలో గ్యాసు స్కూటర్లో పెట్రోలు లాంటిది కాదు, నడిచే కొద్దీ ఖర్చవడానికి. అది మూసేసిన గొట్టాల్లో తిరిగిందే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందన్నమాట. ఆ చిల్లు వెతక్కుండా గ్యాస్ నింపడమంటే ఓటి కుండలో నీళ్ళు పోయడమే. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు మాత్రం అమ్మ మాటే వేదం అనుకుని ఫోన్ తీశాను.

మొదటి మెకానిక్ వచ్చాడు. గేజులు తగిలించాడు, వాటివైపు మాత్రం చూసినట్టు లేదు. "కొంచెం తక్కువుంది" అని సుమారు రెండు పౌండ్ల గ్యాస్ ఎక్కించాడు. తూకం లేదు, లీకు పరీక్ష లేదు. 390 డాలర్ల బిల్లు రాసి, వెళ్ళేముందు షూ కవర్లు విప్పి చెత్తబుట్టలో వేసి మరీ వెళ్ళాడు. ఆ మర్యాదకే నేను ఐదు నక్షత్రాలిచ్చాను. రెండు రోజులకి ఇల్లు మళ్ళీ 81. బయటి యూనిట్‌లో కంప్రెసర్ మాత్రం వేసవిలో మంచినీళ్ళ కుండలా ఒళ్ళంతా చెమటలు పట్టి కూర్చుంది.

రెండోసారి ఒకరు కాదు, ఇద్దరొచ్చారు. ఒకాయన చేతిలో టాబ్లెట్. ఆయన హోదా కంఫర్ట్ అడ్వైజర్ అట. పైకెక్కలేదు, దేన్నీ ముట్టుకోలేదు, నా ఎదురుగా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు. "మీ యూనిట్‌లో ఉన్న 410ఏ గ్యాస్‌కు ప్రభుత్వం మంగళం పాడింది, మొత్తం సిస్టమ్ మార్చేయండి, 14,800 డాలర్లు, వాయిదాల్లో కట్టుకోవచ్చు" అన్నాడు. అందులో నిజం పావు వంతుంది. 2025 జనవరి 1 నుంచి కొత్తగా తయారుచేసే ఇంటి ఏసీల్లో, భూమిని వేడెక్కించే లెక్క (కార్బన్ డయాక్సైడ్‌ది 1 అనుకుంటే) 700 గానీ అంతకు మించి గానీ ఉన్న గ్యాసు వాడకూడదని ఇక్కడి పర్యావరణ సంస్థ నియమం పెట్టింది. 410ఏ లెక్క 2,000 పైమాటే. అందుకే కొత్తవాటిలో 32, 454బీ గ్యాసులు వస్తున్నాయి. కానీ ఉన్న యూనిట్‌ను వాడుకోవద్దని గానీ, బాగుచేయించుకోవద్దని గానీ ఎవరూ అనలేదు. ఆ ముప్పావు వంతు ఆయన టాబ్లెట్‌లో లోడ్ అవలేదు.

నేను ఒప్పుకోకపోయేసరికి ఆయన మొహం చిన్నబోయింది. "అయితే ఎక్స్‌పాన్షన్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది, అది మార్చాలి, 1,650" అన్నాడు. మీ పేరు నేను మొదటిసారి విన్నది అప్పుడే, నేరస్థుడిగా.

మీ మీద విచారణ జరగలేదు. మీ వాదన ఎవరూ వినలేదు. రెండో కుర్రాడు పైకెక్కాడు, నేనూ వెనకాలే ఎక్కాను. ఆ అబ్బాయి పని చూస్తే ముచ్చటేసింది. నిజం చెప్పాలి కదా. గ్యాసంతా బయటి యూనిట్‌లోకి లాగి బంధించాడు. గొట్టం కోశాడు. మంటతో గొట్టాలు అతికించేముందు చిన్న సిలిండర్లోంచి నైట్రోజన్ సన్నగా వదిలాడు. ఎందుకని అడిగితే, అది లేకుండా మంట పెడితే రాగి గొట్టం లోపల నల్లటి పొట్టు కడుతుందనీ, అది రాలి కొత్త వాల్వు గొంతులో పడుతుందనీ చెప్పాడు. తర్వాత తడిగుడ్డ కావాలన్నాడు. అమ్మ కిందనుంచి మా నాన్న పాత తువ్వాలు తడిపి పంపింది. దాన్ని మీ వారసుడి నడుముకి చుట్టి, మంట వేడి లోపలి డయాఫ్రంకి, అంటే పల్చటి రేకుకి, తగలకుండా కాపాడి అతికించాడు. తెనాలి తువ్వాలు టెక్సాస్ అట్టిక్‌లో ఆవిర్లు కక్కడం చూసి నాకు ఒక క్షణం నాన్న గుర్తొచ్చాడు. తర్వాత గొట్టాల్లోని గాలీ తేమా లాగేసే వాక్యూమ్ పంపు పెట్టి, మీటర్లో ప్రెషర్ 500 మైక్రాన్ల కిందికి దిగేదాకా కదల్లేదు.

మూడు గంటలు ఇంత శాస్త్రోక్తంగా చేసిన పిల్లాడికి చివర్లో ఫోన్ మోగింది. తర్వాతి ఇల్లు. ఒక్క పని మిగిలింది. మీకున్నట్టే మీ వారసుడికీ తోక చివర చూపుడువేలంత బల్బు ఉంటుంది కదా, దాన్ని కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) నుంచి కంప్రెసర్‌కు వెళ్ళే గొట్టానికి కట్టాలి. జేబులోంచి ఒక ప్లాస్టిక్ టై తీశాడు. గొట్టం కింద బల్బు పెట్టి, చర్రున లాగి, దిగిపోయాడు. పెళ్ళంతా వైభవంగా జరిపించి మూడు ముళ్ళ దగ్గర రబ్బరు బ్యాండు వేసినట్టు.

నాలుగో రోజుకి మళ్ళీ 81.

అప్పటికి మా కాలనీ తెలుగు వాట్సాప్ గ్రూపులో నలభై రోగనిర్ధారణలు వచ్చాయి. అట్లాంటాలో ఉన్న మా బావ ఏకంగా ఇల్లు అమ్మేయమన్నాడు. పక్కింటి గుజరాతీ ఆయన మాత్రం ఒక నంబరిచ్చాడు. వచ్చినవాడు అరవై దాటిన మెక్సికన్ పెద్దాయన. టాబ్లెట్ లేదు, కంపెనీ పేరున్న చొక్కా లేదు. ముందు ఆ గొట్టం మీద అరచెయ్యి వేసి, నాడి చూసే వైద్యుడిలా కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత చేతిని బల్బు దాకా జరిపాడు. బల్బు చెవి కమ్మలా ఊగింది. ఆయన నావైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు ఖరీదు అప్పటికి 2,040 డాలర్లు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నాను, తప్పుంటే మీరు దిద్దండి. మీ పని, ద్రవంగా మారి వచ్చిన గ్యాసును కొలిచి కాయిల్‌లోకి వదలడం. ఎంత వదలాలో మీరు సొంతంగా నిర్ణయించుకోరు. మీ లోపలి డయాఫ్రంను పైనుంచి బల్బు ఒక్కటే నొక్కుతుంది, తెరవమని. కిందనుంచి స్ప్రింగూ కాయిల్ ప్రెషరూ కలిసి ఎదురు నెడతాయి, మూయమని. ఇద్దరొకవైపు, ఒకరొకవైపు. మా ఇంట్లో ఓటింగు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది కాబట్టి మీ బాధ వెంటనే పట్టేశాను. కాయిల్‌లో ద్రవమంతా ఆవిరయ్యాక, ఆ ఆవిరి ఇంకో పది డిగ్రీలు వేడెక్కి బయటికి రావాలి. దాన్నే సూపర్‌హీట్ అంటారు. ఆ పది డిగ్రీలుంటే కంప్రెసర్‌లోకి చుక్క ద్రవం పోవడం లేదని నమ్మకం. ద్రవం పోతే అది లోపలి నూనెను కడిగేసి కంప్రెసర్ ప్రాణం తీస్తుంది.

గొట్టం ఎంత చల్లగా ఉందో మీకు చెప్పాల్సింది బల్బే. మా బల్బేమో గొట్టానికి సగం అంటీ సగం అంటక, పైన కప్పుకోవడానికి ఏమీ లేక, 120 డిగ్రీల అట్టిక్ గాలిలో వేలాడుతోంది. అది గొట్టం సంగతి వదిలేసి అట్టిక్ సంగతి మీకు చేరవేసింది. "వేడి, వేడి, ఇంకా తెరవండి" అంది. మీరు తెరిచారు. కాయిల్ నిండి పొంగింది, ద్రవం కంప్రెసర్ దాకా పారింది, ఆ కుండ చెమటలు దాని పుణ్యమే. పైవాళ్ళు పంపిన రిపోర్టు ప్రకారం నడుచుకున్నందుకు ఉద్యోగం పోయినవాళ్ళని మా ఆఫీసులో చాలామందిని చూశాను. రిపోర్టు రాసినవాడు మాత్రం ఇంకా అక్కడే ఉంటాడు. మా ఇంట్లోనూ అదే జరిగింది. మిమ్మల్ని తీసేశాం, మీ వారసుణ్ణి తెచ్చాం, ఇద్దరికీ ఒకే రకం ప్లాస్టిక్ టై.

మీ బల్బు ఎప్పుడు వదులైందని అడిగితే పెద్దాయన భుజాలెగరేశాడు. రెండేళ్ళ కిందట సర్వీసుకొచ్చినవాడెవరో ఉష్ణోగ్రత చూడ్డానికి పాత పట్టీ విప్పి, ప్లాస్టిక్ టైతో సరిపెట్టి ఉంటాడని నా అనుమానం. మరి తెరుచుకుని ఇరుక్కుపోయారన్న ఆరోపణ సంగతేమిటని కూడా అడిగాను. "కొత్తది కూడా అదే చేసింది కదా" అన్నాడు. అంతకంటే తీర్పేముంటుంది? మీలో ఏ లోపమూ లేదని ప్రమాణం చేసి చెప్పలేను. కవర్లోంచి తీసి చూపిస్తే జాలీ శుభ్రంగా ఉందన్నాడు, డయాఫ్రం లోపలికి ఎవరు తొంగిచూశారు? కానీ ఉరి వేసేశాక సాక్ష్యం దొరికినట్టుంది నా పని.

ఆయన చేసింది మొత్తం ఇరవై నిమిషాల పని. గొట్టాన్ని గరుకు కాగితంతో మెరిసేదాకా తోమాడు. బల్బును పక్కగా పైకి, గడియారంలో పది గంటల అంకె ఉండేచోట ఆనించాడు. అడుగున ఆరు గంటల చోట పెట్టకూడదట, అక్కడ నూనె పారుతూ లెక్క తప్పిస్తుందట. రెండు రాగి పట్టీలు బిగించాడు. పైన నల్లటి ఇన్సులేషన్ దుప్పటి చుట్టాడు. రెండు డిగ్రీలున్న సూపర్‌హీట్ మెల్లగా పాకుతూ పదికి చేరింది. మొదటివాడు ఉచితంగా, అంటే 390 డాలర్లకి, పోసిన అదనపు గ్యాసును లాగి సిలిండర్లోకి ఎక్కించుకున్నాడు. గాల్లోకి వదిలేస్తే చట్టం ఒప్పుకోదు. అంతా కలిపి 180 అన్నాడు. అమ్మ పులిహోర డబ్బా కట్టిచ్చింది. సాయంత్రానికి 74.

మీ వంశం గురించి ఆ రాత్రి కాస్త చదివాను. 1933లో డెన్మార్క్‌లో మాడ్స్ క్లాసెన్ అనే ఆయన తల్లిదండ్రుల పొలం ఇంట్లో చిన్న కంపెనీ పెట్టి మీవాళ్ళనే తయారుచేయడం మొదలుపెట్టాడట. అదే ఇవాళ్టి డాన్‌ఫాస్. మా తెనాలి ఇంట్లో విండో ఏసీకి మీలాంటివాళ్ళు లేరు, సన్నటి రంధ్రమున్న కాపిల్లరీ గొట్టం ఒకటే. దానికి తెలివీ లేదు, అభిప్రాయమూ లేదు, పట్టినంత వదలడమే. పదహారేళ్ళు నడిచింది. దాన్ని ఎవరూ ఏనాడూ అనుమానించలేదు. తెలివైనవాడికే నిందలు ఎక్కువ లెండి.

మిమ్మల్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకుందామని అడిగి చూశాను. మీ గొట్టాలు కోసేశారు, మళ్ళీ అతికించాలంటే ఇంకో 1,650 అన్నారు. మీ వారసుడు బాగానే పనిచేస్తున్నాడు, ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. ప్రతి ఆదివారం పైకెక్కి పట్టీలు వేలితో నొక్కి చూస్తున్నాను. మా ఆవిడ దీనికి సంధ్యావందనం అని పేరు పెట్టింది.

ఇంక ముఖ్యమైన సంగతి. అమ్మ అక్టోబరులో వెళ్ళిపోతోంది. సూట్‌కేసులు సర్దుతూ నిన్న మిమ్మల్ని చేతిలో పట్టుకుని బరువు చూసింది. ఇత్తడీ రాగీ కదా, మా వీధిలోకొచ్చే పాత సామాన్లవాడు మంచి రేటు ఇస్తాడంటోంది. వద్దన్నాను. వదిన కోసం కొన్న బాదంపప్పు ప్యాకెట్టు ఒకటి తీసేసి, మీకు చోటు చేసింది.

ఇట్లు,
మీ మాజీ యజమాని

తా.క. నాన్న తువ్వాలు ఇంకా అట్టిక్‌లోనే ఉంది. అది మాత్రం నాకు కావాలి.