సిగ్నల్ టైమర్ గారికి ఒక ఎయిర్ కూల్డ్ బండివాడి విన్నపం

మహారాజశ్రీ సిగ్నల్ కౌంట్‌డౌన్ టైమర్ గారి సముఖానికి,

మెహిదీపట్నం నుంచి కూకట్‌పల్లి దాకా మీ దర్బార్లన్నింట్లో రోజూ హాజరు వేయించుకునే ఒక 350 సీసీ బండివాడు దండాలతో రాసుకునేది. మీరు క్షేమమని తెలుసు, ఇవ్వాళ మధ్యాహ్నమే చూసిన కదా, ఎండ 42 కొడుతున్నా ఒక్క అంకె కూడా వాడిపోకుండా ఎర్రగా నిండుగా వెలుగుతున్నరు. ఇక్కడ మేమే క్షేమం కాదు. జంక్షన్ పేరు మాత్రం రాయను, రాస్తే చదివిన ప్రతివాడూ "అరె అది మా జంక్షనే అన్నా" అంటడు.

ఇవ్వాళ నేను స్టాప్ లైన్ దగ్గరికి వచ్చేసరికి మీరు 165 చూపించిన్రు. చూడంగనే బండి ఆఫ్ చేసిన. ఎందుకు ఆఫ్ చేసిననో కొంచెం వివరంగా మనవి చేసుకుంటా, మీరు అంత ఎత్తులో ఉంటరు కాబట్టి కింద సంగతి తెల్వకపోవచ్చు.

నా పక్కన ఆగిన కారుకి రేడియేటర్ ఉంది, దాని ఎనక ఫ్యాన్ ఉంది, వేడెక్కితే ఎవరూ చెప్పకుండానే తిరుగుతది. ఇంకో పక్కన ఆగిన స్కూటీ అక్కకి కూడా ఫ్యాన్ ఉంది తెలుసా, స్కూటర్లకి క్రాంక్ మీదనే ఫ్యాన్ పెట్టి చుట్టూ ప్లాస్టిక్ డొప్ప బిగిస్తరు, ఇంజిన్ తిరిగినంతసేపూ గాలి కొడుతనే ఉంటది, బండి ఆగినా సరే. ఆమె హాయిగా ఫోన్ చూసుకుంటుంది. నా బండి ఎయిర్ కూల్డ్, అంటే గాలితోనే చల్లబడాలె, దానికి ఉన్నదల్లా సిలిండర్ చుట్టూ ఆ అల్యూమినియం రెక్కలే. అవి పనిచేయాలంటే వాటి మధ్యల నుంచి గాలి పోవాలి, గాలి పోవాలంటే బండి పోవాలి, బండి పోవాలంటే తమరు దయదలచాలి. ముందర చిన్న ఆయిల్ కూలర్ ఉంది కదా అంటరేమో, దానికీ ఫ్యాన్ లేదు సార్, అది కూడా నోరు తెరుచుకుని మీ దిక్కే చూస్తుంటది.

ఆయిల్ పోసే మూత తీసేసి దాని ప్లేస్‌లో ఒక డయల్ థర్మామీటర్ బిగించుకున్న, అప్పట్నుంచి నాకు మనశ్శాంతి లేదు. పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు యాభైలో పోతుంటే ముల్లు 95, 100 దగ్గర బుద్ధిగా కూసుంటది. అది మంచిదే, ఆ మాత్రం వేడెక్కితేనే లోపల చేరిన తేమ ఆవిరై పోతది. అదే మధ్యాహ్నం పంజాగుట్ట, అమీర్‌పేట, ఎర్రగడ్డ అని ఒక్కొక్క దర్బార్ దాటుకుంటూ వస్తుంటే 110, 120, ఇంకా పైకి. డబ్బా మీద 15డబ్ల్యూ50 అని ఉంటది చూడండి, అందులో ఆ 50 అనేది ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటదో కొలిచి ఇచ్చిన గ్రేడు. 130 దగ్గర ఆ చిక్కదనం ఎక్కడిది. పైగా వేడి ఒక పది డిగ్రీలు పెరిగితే ఆయిల్ పాడయ్యే స్పీడు దాదాపు డబుల్ అయితదని లెక్క. నా ఆయిల్ పాపం సన్నమంట మీద దించకుండా పెట్టిన ఇరానీ చాయ్ లెక్క నల్లబడుకుంటనే ఉంది. ఐడిల్‌లో ఆయిల్ పంపు మెల్లగా తిరుగుతది, ఆయిల్ పల్చబడి ఉంటది, ప్రెషర్ తగ్గుతది, ఇంజిన్ పైభాగం, అదే హెడ్‌లో టిక్కుటిక్కుమని ఒకటే సౌండు. క్లచ్ వేడెక్కి న్యూట్రల్ దొరకదు, ఫస్టు నుంచి సెకండు, సెకండు నుంచి ఫస్టు, ఎడమ కాలితో వెతుక్కుంటనే ఉండాలె. కుడి కాలి సంగతి చెప్పను, సైలెన్సర్ పైపు పక్కన ప్యాంటు వేసుకుని నిలబడ్డోళ్లకి తెలుసు.

కాబట్టి మా బండోళ్ల దగ్గర ఒక లెక్క ఉంటది. ముప్పై సెకన్ల లోపు అయితే ఆన్‌లోనే ఉంచు, అంతకన్నా ఎక్కువుంటే ఆఫ్ చెయ్. ఆఫ్ చేయంగనే చల్లబడుతదని కాదు, ముల్లు ఇంకో గీత పైకే పోతది, హెడ్‌లో ఉన్న వేడి మెల్లగా కిందికి దిగుతది కాబట్టి. కానీ కొత్త వేడి పుట్టుడు ఆగుతది కదా, అంతే మా ఆశ. ఆ లెక్క మొత్తం దేని మీద ఆధారపడి ఉంది? మీ అంకె మీద. బండిలో కంప్యూటర్ ఉంది, సెన్సర్లున్నయ్, పొగ తగ్గించే బీఎస్6 రూలు అని పెట్రోల్‌ని కొలిచి కొలిచి పోస్తది, ఇవన్నీ ఉన్నా ఆఫ్ చేయాల్నా వద్దా అనేది తేల్చేది మాత్రం పోల్‌కి వేలాడే మీరు.

165 నుంచి దిగిన్రు. 120. 90. హెల్మెట్‌లో చెమట కండ్లల్లో పడుతుంది, తుడుచుకునే మార్గం లేదు. 60. 40. ఫ్రీ లెఫ్ట్ మూసేసి నిలబడ్డ ఎస్‌యూవీ ఎనక పది బళ్లు హారన్ కొడుతున్నయ్, ఆయనకి వినపడదు, ఏసీ. 20. పదికి వచ్చేసరికి అందరూ కదులుడు మొదలు, 5 పడేసరికి సగం జనం జీబ్రా మీద. నేను కూడా కీ తిప్పి, ఫ్యూయల్ పంపు జుయ్‌మనేదాకా ఆగి, స్టార్టర్ కొట్టి, ఫస్టు వేసిన. 3. 2. 1.

140.

గ్రీన్ లేదు, ఏం లేదు. 1 తర్వాత 140. ఏ బడిలో నేర్చుకున్నవ్ ఈ ఎక్కాలు?

జీబ్రా మీదికి పోయినోళ్లు ముందుకి పోలేరు, ఎనక్కి రాలేరు, నడిచేవాళ్లు బళ్ల సందుల్లో నుంచి తిట్టుకుంట పోతున్నరు. సరే అనుకుని మళ్లా ఆఫ్ చేసిన. మంచి పిల్లగాడి లెక్క నీ అంకెని మళ్లా నమ్మి ఆఫ్ చేసిన. 130, 120, 100, ఇట్ల దిగుతున్నవ్, నేను బాటిల్ తీసి ఒక గుటక నీళ్లు తాగుదామని హెల్మెట్ పైకి ఎత్తిన, అప్పుడు 88 దగ్గర గ్రీన్ ఇచ్చినవ్! 88 దగ్గర! బాటిల్ ఒక చేతిలో, కీ ఇంకో చేతిలో, ఎనక ఆటో అన్న "సో గయా క్యా భాయ్" అంటున్నడు, స్కూటీ అక్క ఎప్పుడో పోయింది, వేడెక్కిన ఇంజిన్ ఒక్క దెబ్బకి అందుకోలేదు, రెండోసారి కొట్టి స్టార్ట్ చేసి గేరు వేసేలోపు ఎల్లో, రెడ్. 150.

నాకు తెలుసు, మాన్యువల్‌లో పెట్టిన్రు. కింద గొడుగు పట్టుకుని కంట్రోల్ బాక్స్ దగ్గర ఒకాయన ఉన్నడు, ఎటు రద్దీ ఉంటే అటు వదులుతున్నడు, ఆయనని ఏమనను, నాలుగు దిక్కుల నుంచీ జనం మీదపడుతుంటే ఆ ఎండలో ఆ మనిషి అయినా ఏం చేస్తడు. బళ్ల రద్దీని బట్టి టైము మార్చుకునే సిగ్నళ్లు కూడా ఉన్నయ్, వాటికి ముందే ఇన్ని సెకన్లని చెప్పుడు కష్టం, అదీ తెలుసు. కానీ నీకు తెల్వనప్పుడు నువ్వెందుకు చెప్తవ్? ఎవడడిగిండు? తెల్వకపోతే ఖాళీగా ఉండు. నల్లగా ఉండు. దర్జాగా 165 అని పెద్ద పెద్ద అంకెలు వేసి, ఒక్కొక్కటే తగ్గించి, అంతమంది తోని లెక్కపెట్టించి, 1 దాకా తీసుకొచ్చి మోసం చేసుడు ఏంది? చిట్టీల కంపెనీవాడు కూడా ఒకటి రెండు నెలలు కరెక్టుగా ఇచ్చి తర్వాత ముంచుతడు.

పోనీ నువ్వు లేని రోడ్డు మీద పోదామంటే, ఊర్లో గాలి తగిలే రోడ్లు రెండే. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, ఒక్క సిగ్నల్ లేదు, టూవీలర్‌కి నో ఎంట్రీ. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, అక్కడా టూవీలర్ ఎక్కొద్దు. సేఫ్టీ అంటరు, ఒప్పుకుంటా, బస్సుల పక్కన వందలో పోవాలని నాకేం సరదా లేదు. కానీ రేడియేటరూ ఫ్యానూ ఉన్నోళ్లకి గాలి రోడ్లిచ్చి, గాలి తప్ప దిక్కులేని నన్ను తీసుకొచ్చి నీ కింద నిలబెట్టిన్రు చూడు, అదీ మండేది.

ఇంక సలహాలిచ్చేటోళ్లు. ఒకాయన ఇంజిన్ మీద నీళ్లు కొట్టమంటడు, కాలుతున్న హెడ్ మీద చల్లనీళ్లు కొడితే అది పగిలినా వంకరపోయినా ఆయన కట్టిస్తడా. ఇంకొకాయన కార్ల ఫుల్ సింథటిక్ పోయమంటడు, బండి క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటదని, అట్లాంటి క్లచ్‌కి పనికొచ్చే ఆయిల్ అని గుర్తుగా జాసో ఎంఏ2 అని రాసి ఉన్నది తప్ప పోయొద్దని చెప్తే "నువ్వే మెకానిక్ అయితే ఇక్కడికెందుకొచ్చినవ్" అంటడు. సర్వీస్ సెంటర్‌లో అయితే ఒకటే మాట, ఎయిర్ కూల్డ్ అంతే సార్, రన్నింగ్‌లో ఉంటే ఏం కాదు. రన్నింగ్‌లో ఉంటే నాకూ ఏం కాదు బ్రదర్, రన్నింగ్ ఎక్కడుంది?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. మెట్రో లైన్ కింద ఉన్న జంక్షన్లలో నిన్ను కొంచెం క్షమించొచ్చు. స్టాప్ లైన్‌కి ఇరవై అడుగుల ఎనకనే, పైన ట్రాక్ నీడ ఎక్కడిదాకా పడితే అక్కడిదాకా, ఎవరూ చెప్పకుండానే బళ్లన్నీ ఒకే గీత మీద ఆగుతయ్, ముందర ఎండలో రోడ్డంతా ఖాళీ. సిటీలో అందరూ పాటించే ట్రాఫిక్ రూల్ అదొక్కటే. అక్కడ నువ్వు 200 చూపించినా ఎవడూ నీ దిక్కు చూడడు, ఎనకోడు హారన్ కొడితే పోతరు.

రేపటి నుంచి నేను కూడా నీ అంకె చూడదల్చుకోలేదు. ఆగితే ఆఫ్, ముందరున్న ఆటో కదిలితే స్టార్ట్. ఆటో అన్న నీకన్నా నమ్మకస్తుడు.

ఆయిల్ మాత్రం కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కన్నా చాలా ముందే మార్చాల్సొస్తుంది, మొన్న ట్రేలోకి దించితే తారు లెక్క వచ్చింది. ఈసారి బిల్లు జిరాక్స్ తీసి నీ పోల్‌కే అతికిస్తా, పీజీ హాస్టల్‌కీ స్పోకెన్ ఇంగ్లీష్‌కీ మధ్యల కొంచెం జాగా ఉంది, చూసుకో. ఎన్ని రోజుల్లో కడతవో ఒక అంకె వెయ్.