తొమ్మిది గంటల లెక్క

మా హనుమకొండ చర్చిలో ఏళ్ల తరబడి ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చునే మగవాళ్లున్నారు. ఒకరి ప్లాటు గజం ఎంత పలుకుతుందో, ఒకరి షుగర్ ఎంతుందో ఇంకొకరికి నోటికి వచ్చు. అంతకు మించి ఒక్క మాట లోపలికి వెళ్లి అడిగితే మాత్రం ఇద్దరూ ఫ్యాన్ వైపు చూస్తారు.

దీనికి మా పురుషుల సహవాసం లీడర్ 2024 శ్రమదినాలకు, అంటే ఈస్టర్‌కు ముందు పాటించే నలభై రోజుల ఉపవాస కాలానికి, ముందు ఒక మందు కనిపెట్టాడు. ఇద్దరిద్దరిని జత కట్టి, ఒకరికొకరు లెక్క అప్పజెప్పుకోవాలన్నాడు. కొత్త సంగతేం కాదట. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ 1738లోనే తన చిన్న గుంపులకు నియమాలు రాసి, కలిసినప్పుడల్లా అడగాల్సిన ప్రశ్నలు పెట్టాడు. పోయిన కూటం నుంచి చేసిన పాపమేంటి, ఎదురైన శోధనేంటి, దాన్నుంచి ఎలా బయటపడ్డావు, పాపమో కాదో అనుమానంగా ఉన్నదేమైనా ఉందా? ఆ గుంపుల్లో ఆడవాళ్లు వేరు, మగవాళ్లు వేరు. పెళ్లయినవాళ్లు వేరు, కానివాళ్లు వేరు. వెస్లీ అనుభవజ్ఞుడే అనిపించింది నాకు.

కాజీపేట లోకో షెడ్‌లో రిటైరైన రైల్వే అన్నకు, బ్యాంకులో రిటైరైన బ్రదర్‌కు జత కుదిరింది. ఈస్టర్ దాకా మాంసం ముట్టమని ఇద్దరూ తీర్మానం చేశారు. ఫిబ్రవరి 14 నుంచి మార్చి 30 దాకా 46 రోజులు వస్తాయి, ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40 అవుతాయి కాబట్టి ఆదివారం మటన్‌కు అడ్డు లేదని బ్యాంకు బ్రదర్ లెక్క తేల్చాడు. సంఘ చరిత్ర ప్రకారం కూడా ఆ లెక్క కరెక్టే. బ్యాంకు వాళ్లు ఊరికే తేల్చరు.

రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్.

"వందనాలు బ్రదర్. ఇయ్యాల ఏం తిన్నరు?"

"బీరకాయ అన్నా. మీరు?"

"టమాట పప్పు."

"దేవునికి స్తోత్రం."

అంతే, ఫోన్ పెట్టేసేవాళ్లు. లీడర్ వీళ్లను ఆదర్శ జంట అని మెచ్చుకున్నాడు.

ఆ ఏడు మేడారం జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, సరిగ్గా శ్రమదినాల మొదట్లోనే పడింది. ఆ రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల ఏ వీధిలో నడిచినా పొయ్యి మీద ఏం ఉడుకుతుందో ముక్కే చెబుతుంది. జాతర నుంచి వచ్చిన మా మిత్రుడొకాయన ములుగు రోడ్డులోని తన ఇంట్లో సోమవారం రాత్రి దావత్ పెట్టాడు. మంచి మనిషి. "ఇది మొక్కుది కాదన్నా, మీ చర్చోళ్ల కోసం షాపుల నుంచి వేరే తెప్పిచ్చిన" అని నాకు ముందే చెప్పాడు. నేను ఏ తీర్మానమూ చేయనివాణ్ణి కాబట్టి ధైర్యంగా వెళ్లాను.

హాల్లో మూలన, గోడ వైపు తిరిగి, బగారా అన్నం మీద మటన్ పులుసు పోసుకుంటూ బ్యాంకు బ్రదర్ కనిపించాడు. నన్ను చూసి, "ప్రార్థన కోసం పిలిస్తే వచ్చిన" అన్నాడు. నేనేమీ అడగలేదు. చెయ్యి కడుక్కుందామని డాబా ఎక్కితే నీళ్ల ట్యాంకు నీడలో రైల్వే అన్న, చేతిలో నల్లి బొక్క. ఆయన కూడా ప్రార్థనకే వచ్చాడట. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పే పని నాకెందుకని మెట్ల మధ్యలో నిలబడ్డాను. అక్కడి నుంచి ఇద్దరూ కనిపిస్తారు.

తొమ్మిదయింది. అలవాటు చాలా చెడ్డది. రైల్వే అన్న ఎడమ చేత్తో ఫోన్ నొక్కాడు. కింద హాల్లో పాట మోగింది.

"వందనాలు బ్రదర్. ఏం తిన్నరు?"

"ఉప్మా అన్నా. మీరు?"

"రెండు పుల్కలు."

సరిగ్గా అప్పుడే ఇంటాయన కొడుకు బకెట్ పట్టుకుని నా పక్కగా మెట్లెక్కుతూ గట్టిగా అరిచాడు. "రైల్వే అంకుల్, ఇంకో నాలుగు ముక్కలెయ్యాలె?"

బ్యాంకు బ్రదర్‌కు ఆ కేక ఒక చెవిలో ఫోన్ నుంచి, రెండో చెవిలో మెట్ల మీద నుంచి వినపడింది. ఫోన్ వైపు చూశాడు. మెట్ల వైపు చూశాడు. కంచం పట్టుకునే లేచి, నన్ను దాటుకుంటూ డాబా ఎక్కాడు.

"పుల్కలు మెత్తగ ఉన్నయా అన్నా?"

"ఉప్మాల బొక్కలు బాగనే పడ్డట్టున్నయి బ్రదర్."

మాంసం నా సహోదరుడికి అభ్యంతరమైతే నేనెన్నడూ తిననని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయంలో అన్న మాట బ్యాంకు బ్రదర్ ఎత్తాడు. భోజనం వల్ల దేవుడి దగ్గర మెప్పు రాదని అదే అధ్యాయంలో ఉందని రైల్వే అన్న అందుకున్నాడు. వాదిస్తూనే ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు. నవ్వులు మొదలయ్యాయి. అవి ఆగాక బ్యాంకు బ్రదర్ గొంతు తగ్గించి చెప్పాడు, బామ్మర్ది అప్పుకు షూరిటీ సంతకం పెట్టాడట. వాడు కట్టడం మానేశాడు. కిస్తీలన్నీ ఈయనే కడుతున్నాడు, ఇంట్లో తెలియదు. బీరకాయ, టమాట పప్పుల లెక్కలో ఇదెప్పుడూ రాలేదు.

రైల్వే అన్న బొక్క పక్కన పెట్టాడు. "చెల్లెకు రేపు పొద్దుగాల చెప్దాం. నేనొస్త," అన్నాడు. నేను కిందికి దిగిపోయాను.

ఆ ఆదివారం కూటంలో లీడర్ మొదటి మూడు ప్రశ్నలూ అడిగాడు. రైల్వే అన్న లేచి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. షూరిటీ సంగతి మాత్రం ఎత్తలేదు. చివరిగా, పాపమో కాదో అనుమానంగా ఉన్నదేమైనా ఉందా అని లీడర్ అడిగితే, బ్యాంకు బ్రదర్ చెయ్యెత్తాడు.

"బగారా అన్నం. దాంట్ల ముక్కయితే లేదు."