మెమో పెట్టాల్సినాయన ఇంకా రాలేదు

ఆలస్యంగా వచ్చే ఉద్యోగిని దారిలో పెట్టడం సర్కారుకు చేతకాదని నోరు పారేసుకునేవాళ్లకు పద్ధతి తెలీదు. పదిన్నర ఆఫీసుకి పది నిమిషాలు గ్రేసు. అది దాటితే హాజరు పట్టీలో లేటు. మూడు లేట్లకు ఒక సీఎల్, అంటే క్యాజువల్ లీవు, కోత. అప్పటికీ మారకపోతే మెమో! ఇక ఉరిశిక్షే తరువాయి.

మా మండలంలో ఒక ఆఫీసుంది. రోజూ పన్నెండింటికి విచ్చేసే జూనియర్ అసిస్టెంటు గారి మీద పెద్దాయనకు ఎట్టకేలకు కోపమొచ్చింది. సంజాయిషీ అడగమన్నారు. ఫైలు పెట్టాల్సింది సిబ్బంది వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు. ఆ సీటులో ఉన్నదెవరయ్యా అంటే, ఈయనే.

పాపం, డ్యూటీ ఎగ్గొట్టే మనిషి కాదు. ‘సదరు ఉద్యోగి తరచూ ఆలస్యముగా వచ్చుచున్నందున తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది’ అని తన మీద తానే నోటు రాసుకున్నారు. సూపరింటెండెంటు గారు పక్కన ‘చర్చించండి’ అని రాశారు. ఈయన వచ్చేసరికి ఆయన కలెక్టరేట్‌లో మీటింగుకి, ఆయన తిరిగొచ్చేసరికి ఈయన టీకి. ఎలాగో సంతకమైంది. ఇచ్చేదీ ఈయనే, పుచ్చుకునేదీ ఈయనే కాబట్టి మెమో మాత్రం క్షణంలో అందింది. జవాబుకి వారం గడువు కోరుతూ అర్జీ రాసి, తన ట్రేలోనే పడేసి, పెండింగులో పెట్టారు. పైగా బల్ల మీద ఎప్పుడూ ఒక కళ్లజోడు తెరిచి ఉంటుంది, మనిషి ఇక్కడే ఎక్కడో ఉన్నాడన్నట్టు. అసలు జోడు జేబులో ఉంటుందిలెండి.

ఉన్న సిబ్బందికి రెండేసి సీట్లు. పాసుపుస్తకంలో పేరు తప్పు పడిందని మొదటి బస్సుకి వచ్చిన ఒకామె కాగితం కూడా ఈయన దగ్గరే. వరండాలో గోడకానుకుని కూర్చుంది. ఉపాధి పని మానుకుని వచ్చింది. అక్కడ హాజరు యాప్‌ని 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. రోజుకు రెండు ఫోటోలు. ఎండలో మట్టి మోసినా సరే, సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే కూలి గోవిందా! ఆమెకు గ్రేసు లేదు, సీఎల్ లేదు, ‘చర్చించండి’ అనేవాడూ లేడు. రెక్కలు ముక్కలు చేసుకున్నదాన్ని ఫోన్లో పడలేదని ఎగ్గొడతారు, కళ్లజోడుకి మాత్రం ఒకటో తారీఖున జీతమిస్తారు. సిగ్గుండక్కర్లేదా?

మధ్యాహ్నం దాటాక అటెండరు బయటికొచ్చి “సారు ఫీల్డుకెళ్లారు, రేపు రామ్మా” అన్నాడు. ఎన్ని గంటలకని అడిగితే, “పొద్దున్నే వచ్చి కూర్చో” అన్నాడు.