తొండం కారిపోయింది

మా నాయన షష్టిపూర్తికి చుట్టాలంతా శాలువాలు కొంటుంటే, నేను మాత్రం నా చేత్తో చేసిన కార్డు ఇస్తానని ఫోన్లో గొప్పలు పోయాను. నోరు జారాక ఇక తప్పదు కదా. అచ్చు కొనే ఖర్చెందుకని మా పాప రబ్బరు మీద బ్లేడుతో ఏనుగును చెక్కాను, ఇంకో రబ్బరు మీద 60 అని చెక్కాను. అచ్చు కాయితం మీద తిరగబడి పడుతుందన్న సంగతి, ఇంత వయసొచ్చినా, గుద్ది చూసేదాకా నాకు తట్టలేదు. 60 కాస్తా 06 లాంటిదేదో అయి కూర్చుంది. "తాతకు ఆరేళ్ళామ్మా?" అంది మా పాప. ఆ రబ్బరు పక్కన పడేశాను. ఏనుగు ఎటు తిరిగినా ఏనుగే కాబట్టి దానికి ఢోకా లేదు.

ఇంకు మాటకొస్తే, మా ఆయన ఎప్పుడో ఇంటికి తెచ్చిన స్టాంపు ప్యాడ్ ఒకటి బీరువాలో పడి ఉంది, ఊదా రంగుది. గుద్దితే, అబ్బ, ఏనుగు కాలి గోళ్ళతో సహా పడింది. వేలితో రుద్దినా అంటలేదు, ఆరిపోయిందనుకున్నాను. బ్రష్షు నీళ్ళలో ముంచి బూడిద రంగు కలిపి చెవి మీద పెట్టానో లేదో, చెవి గీత కదిలింది. ముందు అంచు నుంచి వెంట్రుకంత ఊదా చార బయటికొచ్చింది. దాన్ని తుడుద్దామని ఇంకొంచెం నీళ్ళు పెట్టాను, అదీ నేను చేసిన ఘనకార్యం. తొండం కారి కాళ్ళలో కలిసింది, కాళ్ళు పొట్టలో కలిశాయి, తోక ఎటు పోయిందో తెలీదు. పైగా అది మామూలు చార్టు ముక్క, నీళ్ళు తాగి అప్పడంలా ఉబ్బింది, ఆ మిట్టల మీద నుంచి రంగంతా పల్లానికి పారి మడుగు కట్టింది. నా చేతులూ, ఎలా అంటుకుందో గానీ నా బుగ్గ కూడా ఊదా రంగే. ఒంటికి రంగు పూసుకొని వేషాలు కట్టే మా తిరుపతి గంగ జాతరలో బైరాగి వేషానికి తెలుపు, బండ వేషానికి ఎరుపు, తోటి వేషానికి నలుపు ఉన్నాయి, ఊదా వేషం ఒక్కటే తక్కువని మా ఆయన ఎకసెక్కం.

పక్కింటి అక్కది శ్రీకాళహస్తి, పుట్టింట్లో కలంకారీ వేస్తారు. కార్డు చూసి ముందు పది నిమిషాలు నవ్వింది.

"ఏందిమే ఇది? నీళ్ళకు కారే ఇంకు మీద నీళ్ళ రంగు పెడితే నిలుస్తాదా? మేము గుడ్డనే కరక్కాయ కలిపిన ఎనుము పాలల్లో ముంచి ఆరేస్తాం, పాలల్లో ఉండే కొవ్వుకు రంగు పక్కకు పాకదు. తుప్పు ఇనుము, బెల్లం నానేసి కసిమి అని నల్ల గీతల రంగు చేసుకుంటాం, దాంతో గీసినాక గుడ్డను ఏట్లో జాడించినా గీత కదలదు. నీ ఏనుగు చూడు, చుక్క నీళ్ళకే కరిగిపాయ."

"అయితే కార్డుకు కూడా ఎనుము పాలు పూయాల్నా అక్కా?" అని నేను నిజంగానే అడిగాను. ఆమె చూసిన చూపు ఇక్కడ రాయను.

మర్నాడు గాంధీ రోడ్డుకు పోయి వాటర్‌ప్రూఫ్ ఇంకు ప్యాడూ, 300 జీఎస్‌ఎం వాటర్‌కలర్ పేపరూ తెచ్చాను (జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాయితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క; మనం జిరాక్సుకు వాడే కాయితం 70, 80 ఉంటుంది, అది నీళ్ళకు ఏం ఆగుతుంది). ఈసారి అచ్చు గుద్ది, బుద్ధిగా అన్నం వండుకొని తినొచ్చాక బ్రష్షు పట్టాను. గీత ఇసుమంత కదల్లేదు! పలచ రంగు ముందు, ముదురు రంగు తర్వాత. దంతాలకు తెల్ల రంగు వెతుక్కోనక్కర్లేదు, కాయితాన్ని అలాగే వదిలేస్తే అదే తెలుపు. చెవి తడారకముందే పక్కన ఎర్ర అంబారీ మొదలుపెట్టడంతో ఎరుపు కొంచెం చెవిలోకి దూరింది గానీ, టిష్యూతో అద్ది లేపేశాను. చెప్పుకోకూడదు గానీ బాగా వచ్చింది.

మొదటి కార్డు పారేయబుద్ధి కాలేదు. పొద్దున చూస్తే ఆ ఊదా ముద్ద, కాస్త సాగిన తొండంతో, అచ్చం వంకాయలా ఉంది. పైన ఆకుపచ్చ తొడిమ పెట్టి, పలమనేరు పోతున్న మా తమ్ముడి చేతికి రెండూ ఇచ్చి పంపాను.

రాత్రి అమ్మ ఫోను. "ఏనుగు బొమ్మది షాపులో కొన్నట్టుండావు కదా, ఎంతయిందిమే? ఆ వంకాయ మాత్రం నువ్వేసిందేనని మీ నాయన చూడంగానే కనిపెట్టేసినాడు. టీవీ పక్కన పెట్టుకోనుండాడు."