రాకాసులనే మళ్ళీ కాపలా పెట్టండి

ఇనుపయుగపు సమాధులకు మన పల్లెల్లో ఉన్న పేరు రాకాసి గూళ్ళు. అంతంత బండలు మనుషులు ఎత్తలేరు, రాకాసులే ఎత్తి ఉంటారని పెద్దల లెక్క. లెక్క తప్పే. కానీ ఆ తప్పు లెక్కే తరతరాలుగా జీతం బత్తెం లేకుండా కాపలా కాసింది. పొద్దుగూకితే అటు తొంగిచూసినవాడు లేడు.

తర్వాత చదువుకున్నవాళ్ళం పోయి, ఇవి రాకాసులవి కావు, మనుషులవే, చచ్చినవాళ్ళతోపాటు లోపల సామాను కూడా పెట్టేవారు అని విడమరిచి చెప్పాం. ‘సామాను’ దాకా అందరూ శ్రద్ధగా విన్నారు.

ఆ అమావాస్యకే గడ్డపారలు, నిమ్మకాయలు, ఒక కోడి బయల్దేరాయి. ఈ గూళ్ళ పనితనం చాలాచోట్ల ఇలా ఉంటుంది: గుంతలో నాలుగు రాతి పలకలను స్వస్తిక్ ఆకారంలో నిలబెడతారు. ప్రతి పలక అంచూ పక్క పలకకు ఆనుకుంటుంది కాబట్టి బయటి మట్టి ఎంత నెడితే అంత బిగుస్తుంది. పైన కప్పుబండ. సున్నం లేదు, టెండరూ లేదు. ఒక్క పలక లాగారా, పక్కది ఒరిగి, కప్పుబండ జారి, కిందున్న నలుపు-ఎరుపు కుండలు పెంకులవుతాయి. చేతికొచ్చేది తుప్పుపట్టిన కత్తి, గుప్పెడు ఎముకలు. బంగారం లేదన్న కోపం మిగిలిన కుండమీద తీర్చుకుంటారు. ఏ కుండ ఎముకలకు ఏ పక్కన, ఎంత లోతున ఉందన్నదే అసలు నిధి. అది మొదటి పోటుకే పోయింది.

చట్టం నిద్రపోతోందనకండి. భూమిలో 10 రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878లోనే రాసిపెట్టారు. 1958 పురాతన కట్టడాల చట్టం కింద కేంద్రం రక్షిత స్థలంగా ప్రకటిస్తే చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడాలు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రితం. పాడుచేస్తే 2 ఏళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ప్రకటించాలి, అంతే. ప్రకటించని గూడు చట్టానికి ఉత్త రాళ్ళకుప్ప, కంకర మిల్లుకు ముడిసరుకు. తెలంగాణలోని ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. సంతోషం. ఊరిబయట చెలకల్లో సమాధుల చుట్టూ పేర్చిన పేరులేని రాతి వలయాలు మాత్రం గట్లకెక్కుతున్నాయి.

సర్వే నంబరు, అక్షాంశ రేఖాంశాలు, వలయంలో రాళ్ళెన్ని, కప్పుబండ పొడవు వెడల్పు మందం, కొలబద్ద పక్కన పెట్టి నాలుగు దిక్కులా ఫొటోలు. ఒక గూడును నమోదు చేయడానికి ఇంతే పని, ఒక పూట కూడా పట్టదు. అందుకే ఎవరికీ తీరిక దొరకడం లేదు.

కనుక రాకాసి పోస్టులు వెంటనే భర్తీ చేయాలి. రాత్రి డ్యూటీ, కాంట్రాక్టు పద్ధతి. అర్హత: కోరలు, జేసీబీ లైట్ల వెలుతురులో కూడా కనిపించేటంతవి.