వెళ్ళనిచ్చే దయామయులు

అమెరికా యజమానులంత జాలిగుండె గలవారు భూమ్మీద మరెక్కడా లేరన్న సంగతిని అక్కడ కొలువు చేస్తున్న మనవాళ్ళు ఇంకా సరిగా గుర్తించినట్లు లేదు. అక్కడ ఉద్యోగం ఊడగొట్టడమనేది లేదు. 'లెట్ గో' చేస్తారు, అనగా వెళ్ళనిస్తారు. ఆటకు పోతామని మారాం చేసే పిల్లలను పంతులుగారు గంట కొట్టకముందే వదిలిపెట్టినట్లన్నమాట. 2022 నవంబరులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ 11,000 మందికి పైగా ప్రతిభావంతులను ఇలాగే వెళ్ళనిస్తున్నట్లు లేఖ రాశారు. ప్రతిభావంతులన్న మాట కూడా ఆయనదే. అంతమంది ఒక్కసారిగా గేటు దగ్గర చేరి 'వదిలెయ్యండి మహాప్రభో' అని మొరపెట్టుకుంటే, పాపం ఆయన మాత్రం ఎంతసేపని పట్టుకుని ఉంటారు?

ఇంత మర్యాదైన క్రియ యజమానుల సొత్తుగా మిగిలిపోవడం అన్యాయం కనుక, కొలువు పోయినవారు కూడా మర్నాడే దాన్ని ప్రయోగించాలని నా మనవి. ఇంటి అప్పిచ్చిన బ్యాంకు మేనేజరును పదిహేను నిమిషాల వీడియో సమావేశానికి పిలిచి, ఆయన ముఖం చూడకుండా కాగితంలోది చదవాలి: "బరువెక్కిన గుండెతో ఈ నెల నుంచి మీ వాయిదాను వెళ్ళనిస్తున్నాను. దాని పనితీరులో లోపమేమీ లేదు. మా ఇంటి ఎదుగుదలకు మీరు చేసిన సేవ మరువలేనిది." ఆయన నోరు తెరిచేలోగా మైకు మూసెయ్యాలి. సందేహాలకు సమాధానాలన్నీ జతచేసిన పత్రంలో ఉన్నాయని చెప్పాలి. ఆ పత్రం తెరిచే పాస్‌వర్డు మాత్రం ముందురోజు రాత్రే రద్దయి ఉండాలి. ఇల్లు జప్తు చేస్తామని ఆయన కేకలు వేస్తే, ఈ మార్పును తట్టుకోవడానికి ఆయనకు కౌన్సెలింగ్ ఉచితమని ఓదార్చాలి.

అక్కడ కొలువు చేసే విదేశీ నిపుణులకిచ్చే హెచ్-1బి వీసా దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రావడం లేదు. ఉద్యోగం ముగిశాక ఆ దేశంలో ఉండటానికి మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు, శనాదివారాలూ పండగలూ కలుపుకొనే. ఆ లోగా మరో యజమాని దరఖాస్తు పెట్టకపోతే, వీసా తరహా మార్చుకోవడానికైనా దరఖాస్తు పడకపోతే, శాశ్వత నివాసానికిచ్చే గ్రీన్‌కార్డు వరుసలో పదేళ్ళుగా నిలబడ్డవాడైనా సరే, సాధారణంగా భార్యాపిల్లలతో దేశం విడవాల్సిందే. ఇంట్లోంచి, బడిలోంచి, దేశంలోంచి ఒక్క సంతకంతో మెడపట్టి గెంటి, గెంటామని చెప్పే దమ్ము లేక, వెళ్ళనిచ్చామంటారా! పైగా గెంటించుకున్నవాడి చేతనే, ఎవరు గెంటారో పేరైనా రాకుండా, 'ఐ వజ్ లెట్ గో', అనగా 'నన్ను వెళ్ళనిచ్చారు' అని తలవంచి పలికిస్తారా!

అక్కడ ఉండేందుకు ఇచ్చిన గడువు తీరకముందే తొలగించిన హెచ్-1బి ఉద్యోగికి స్వదేశం చేరే ఖర్చు యజమానే ఇవ్వాలని అమెరికా చట్టం చెబుతోంది. ఆ వాక్యంలో 'లెట్ గో' లేదు, 'డిస్మిస్' అనే ఉంది. టికెట్టు డబ్బు అడగదలచినవారు తమ ఉత్తరంలో ఆ క్రియనే వాడవలెను.